గంగారాంను వదిలిన శని.. సాయిలును వదల్లేదు

శనివారం పొద్దున నిజామాబాద్‌లో ఏ గుడి నవగ్రహ మండపం దగ్గరికి వెళ్లినా ముందు తగిలేది నువ్వుల నూనె వాసన. నూనె కారీ కారీ శని విగ్రహం కింది రాయి నున్నగా నల్లబడి ఉంటుంది. కాలు జారకుండా చుట్టూ గోనెసంచులు పరుస్తారు. భక్తుల చేతుల్లో నల్లగుడ్డ, నల్ల నువ్వుల పొట్లం, చిన్న సీసాలో నూనె. శనివారానికి త్రయోదశి కలిస్తే ఆ వరుస గుడి దాటి రోడ్డెక్కుతుంది. ప్రదక్షిణలయ్యాక పంచాంగం పట్టుకుని కూర్చున్న పంతులు ముందు అందరూ అడిగేది దాదాపు ఒకటే.

"అయ్యగారూ, నాకు శని ఎప్పుడు పోతడు?"

"నీది ఏ నక్షత్రం?"

"ఏమో అయ్యగారూ. మిరుగు ముందట పుట్టిన్నని మా అవ్వ చెప్పేది. టైము ఎవలు రాసిపెట్టిన్రు?"

"పేరేంది?"

"సాయిలు."

అంతే, లెక్క తేలిపోతుంది. 'సా' శతభిషం రెండో పాదం. శతభిషం కుంభరాశి. శని 2025 మార్చి 29న మీనంలోకి వచ్చాడు. కుంభానికి అది రెండో ఇల్లు, అంటే ఏలినాటి శనిలో ఆఖరి భాగం. 2027 జూన్‌లో శని ఒకసారి మేషంలో అడుగుపెట్టి, వక్రించి మళ్లీ మీనానికొచ్చి, 2028 ఫిబ్రవరిలో గానీ పూర్తిగా కదలడు. సాయిలు అప్పటిదాకా ఓపిక పట్టాలి.

వెనక నిలబడ్డ గంగారాం సంగతి వేరు. 'గ' ధనిష్ఠ మొదటి పాదం, మకరరాశి. మకరానికి మీనం మూడో ఇల్లు, శని మేలు చేసే చోటు. 2017 జనవరిలో పట్టిన ఏలినాటి శని అదే మార్చి 29న గంగారాంను వదిలేసింది. గోదావరిని గంగ అనే పిలుచుకునే జిల్లా మాది. గంగారాం, గంగాధర్, గంగామణి, గంగవ్వ లేని వాడకట్టు ఉండదు. పేరు లెక్కన వీళ్లందరికీ ఒకేరోజు విడుదల దొరికింది. సాయన్న, సాయిలు, సాయవ్వలకు దొరకలేదు. భీమ్‌గల్ లింబాద్రి గుట్ట నరసింహస్వామి పేరు పెట్టుకున్న లింబాద్రులకైతే ఇప్పుడే మొదలైంది: 'లి' భరణి, మేషరాశి. ఒకే బావి కింద చెరకు పెట్టిన ముగ్గురు అన్నదమ్ములకు మూడు రకాల కాలం నడుస్తోందన్నమాట.

ఇది వెక్కిరింత కాదు. గోచారం మన ఊళ్లలో నిజంగా ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

గోచారమంటే గ్రహాల ప్రస్తుత నడక. పుట్టినప్పుడు చంద్రుడు ఏ రాశిలో ఉన్నాడో అది జన్మరాశి. అక్కడి నుంచి లెక్కపెడితే ఇవాళ ఏ గ్రహం ఎన్నో ఇంట్లో ఉందన్నదే ప్రశ్న. చంద్రుడు రాశికి రెండుంపావు రోజులుంటాడు, సూర్యుడు నెల, కుజుడు సుమారు నెలన్నర, గురువు ఏడాది, రాహుకేతువులు ఏడాదిన్నర, శని రెండున్నరేళ్లు. శని 3, 6, 11 స్థానాల్లో మంచివాడు. గురువు 2, 5, 7, 9, 11లో మంచివాడు. గ్రహం రాశి మారే క్షణాన చంద్రుడెక్కడున్నాడో చూసి సువర్ణమూర్తి, రజతమూర్తి, తామ్రమూర్తి, లోహమూర్తి అని నిర్ణయిస్తారు. ఉగాది పంచాంగంలో 'గురువు లోహమూర్తి' అని కనబడగానే ఇంట్లో పెద్దవాళ్ల ముఖం మారేది దీనివల్లే. నిదానంగా నడిచే గ్రహాలకే జనం భయపడతారు. చంద్రుడి దోషం ఎల్లుండికి పోతుంది, శనిది పోదు.

ఇక్కడ వేళ్ల మీద చేయగలిగిన లెక్క ఒకటుంది. శని ఎక్కడున్నా మూడు రాశులకు ఏలినాటి, ఒక రాశికి అష్టమం, మరో రాశికి అర్ధాష్టమం నడుస్తాయి. ఇప్పుడైతే కుంభ, మీన, మేషాలకు ఏలినాటి శని, సింహానికి అష్టమ శని, ధనుస్సుకు అర్ధాష్టమ శని. పన్నెండింట అయిదు. ఏ శనివారం లెక్కేసినా ఊళ్లో నూటికి నలభై మందికి పైగా శని దోషం ఉన్నట్టే. ఒక మనిషి ముప్పయ్యేళ్ల బతుకులో పన్నెండున్నరేళ్లు ఈ దోషాల్లోనే గడుస్తాయి. అన్నేళ్లలో ఒక అప్పు, ఒక జబ్బు, ఒక తగాదా రాకుండా ఉండేదెవరికి? నూనె సీసా అంగడికి ఏ ఏడూ గిరాకీ తగ్గకపోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

పంచాంగంలో ఆదాయ వ్యయాల పట్టిక కూడా ఒకసారి నిదానంగా చూడండి. విశ్వావసు ఉగాదికి (2025) మేషానికి ఆదాయం 2, వ్యయం 14. వృశ్చికానికీ సరిగ్గా అంతే. వృషభం, తులలకు 11, 5. మిథునం, కన్యలకు 14, 2. ఆ అంకెలు రాశ్యధిపతిని బట్టి, ఆ ఏడాది రాజును బట్టి వస్తాయి. మేష వృశ్చికాలు రెండింటికీ కుజుడే అధిపతి, వృషభ తులలకు శుక్రుడే. అందువల్ల పన్నెండు రాశులకు నిజానికి ఏడు జవాబులే ఉంటాయి. టీవీలో ఈ పట్టిక గంటసేపు చదివేవాళ్లు ఆ ముక్క మాత్రం చెప్పరు.

ఏ ఆకాశం, ఎవరి లెక్క

గ్రహాల నడక మాత్రం కల్పన కాదు. మీనంలో ఉన్న శనిని మబ్బు లేని రాత్రి బోధన్ పొలిమేరలో నిలబడి మామూలు కంటితో చూడొచ్చు. చిక్కల్లా రాశి సరిహద్దు ఎక్కడ గీయాలన్న దగ్గర వస్తుంది. మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో వేసిన క్యాలెండర్ సంస్కరణ సంఘం దేశంలోని పంచాంగాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం చూసి, చిత్రా నక్షత్రం ఆధారంగా ఒక అయనాంశను (రాశిచక్రం ఎక్కడ మొదలవ్వాలో తేల్చే కోణాన్ని) సిఫారసు చేసింది. 1957 నుంచి రాష్ట్రీయ పంచాంగం ఆ లెక్కనే వస్తోంది. దృక్ గణితం వాళ్లు దాదాపు దాన్నే పట్టుకున్నారు. పాత సిద్ధాంత గ్రంథాల సూత్రాలతో గుణించేవాళ్లు వేరే దారిలో ఉన్నారు. తేడా నిమిషాల్లో కాదు, ఒక్కోసారి నెలల్లో ఉంటుంది. దేశంలో శని క్షేత్రమనగానే గుర్తొచ్చే తిరునళ్లారు గుడి ఆ పాత పద్ధతికి చెందిన వాక్య పంచాంగాన్ని పాటిస్తుంది. అందుకే 2025 మార్చి 29న అక్కడ శని మార్పు ఉత్సవం జరగలేదు. వాళ్ల లెక్కలో శని మీనప్రవేశం 2026 మార్చి. అంటే గంగారాం తిరునళ్లారు వెళ్లి అడిగి ఉంటే, అతన్ని శని ఇంకో ఏడాది వదలడనే చెప్పేవారు.

మిల్లు జాతకం

బోధన్‌లో గోచారం గురించి మాట్లాడుతూ శక్కర్‌నగర్ గురించి మాట్లాడకపోతే కుదరదు. మంజీరా మీద నిజాంసాగర్ 1931 నాటికి సిద్ధమై కాలువ నీళ్లు వచ్చాక ఇక్కడి నేల చెరకుకు తిరిగింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకున్న ఫ్యాక్టరీ అది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లి నిజాం దక్కన్ షుగర్స్ అయింది. 2015 డిసెంబర్ 23న లేఆఫ్ ప్రకటించారు. శక్కర్‌నగర్‌తో పాటు మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దగ్గరి మంభోజిపల్లి యూనిట్లూ ఆగిపోయాయి.

గ్రహాల కోసం వెతికితే ఇక్కడ నోరూరించే సరుకు దొరుకుతుంది. శని రాశిచక్రం చుట్టడానికి ఇరవై తొమ్మిదిన్నరేళ్లు పడుతుంది. 1937 వసంతంలో శని మీనంలో అడుగుపెట్టాడు, ఫ్యాక్టరీ మొదలైన ఏడాది అదే. మూడు చుట్లు తిరిగి 2025లో మళ్లీ మీనానికొచ్చాడు. ఫ్యాక్టరీని తెరిపిస్తామన్న మాట, అందుకోసం కమిటీ, పాత బకాయిల బేరం, అంతా ఈ ఒకటి రెండేళ్ల చుట్టూనే. 'శని పుట్టించాడు, శనే బతికిస్తాడు' అని మంచి శీర్షిక పెట్టొచ్చు. కానీ మధ్యలో శని మరో రెండుసార్లు మీనంలో ఉండి వెళ్లాడు. 1966 - 68లో ఒకసారి, 1996 - 98లో ఒకసారి. ఆ రెండుసార్లూ ఫ్యాక్టరీకి పుట్టుకా లేదు, చావూ లేదు. సీజన్ వచ్చింది, క్రషింగ్ ఆడింది. కలిసిన రెండు కొసలు చూపించి కలవని రెండింటిని దాచేస్తే ఎవరైనా దైవజ్ఞులు కావచ్చు.

లేఆఫ్ ప్రకటించిన రోజు ఆకాశం కూడా చూద్దాం. 2015 డిసెంబర్ 23న శని వృశ్చికంలో, గురువు సింహంలో ఉన్నారు. గంగారాంకు శని పదకొండో ఇంట, పేరే లాభస్థానం. సాయిలుకు శని దోషమే లేదు, పైగా గురువు ఏడో ఇంట చల్లగా చూస్తున్నాడు. తులారాశి రాజన్నకు ఏలినాటి శని. ముగ్గురికీ ఆ రోజు దక్కింది ఒక్కటే, గేటుకు అంటించిన నోటీసు. పన్నెండు రాశుల కార్మికులు, పన్నెండు రాశుల చెరకు రైతులు ఒకే పూట ఒకే నష్టంలో పడ్డారు. దీనికి జ్యోతిష్కుల దగ్గర జవాబు లేకపోలేదు. గంగారాంకు గురువు అష్టమంలో ఉన్నాడుగా అంటారు. నిజమే, ఉన్నాడు. నిదానంగా నడిచే గ్రహాలు నాలుగున్నప్పుడు జరిగిపోయినదానికి కారణంగా చూపించడానికి ఎప్పుడూ ఒకటి దొరుకుతుంది. జరగబోయేదానికే దొరకదు. దశ అంతర్దశలు కూడా చూడాలి, గోచారం ఒక్కటే చాలదు అనే పండితులున్నారు. వాళ్ల మాటలో నిజాయితీ ఉంది. కానీ గుడి మండపంలో పేరు మొదటి అక్షరంతో తేలిపోయే జోస్యంలో దశలెక్కడివి?

మిల్లును మూసింది వాటాల అమ్మకం, నడపడానికి ఇష్టం లేని యాజమాన్యం, హామీ ఇచ్చి ముందుకు రాని ప్రభుత్వాలు, నీళ్లు లేని నిజాంసాగర్. ఇవన్నీ కాగితాల మీద తేదీలతో సహా ఉన్నాయి. శని మీద పెట్టేస్తే సంతకాలు చేసినవాళ్లంతా నిశ్చింతగా ఉండొచ్చు. ఈ ప్రాంతంలో గోచారం చేసిన అసలు హాని ఇదేనని నా అభిప్రాయం. అడగాల్సిన చోట అడగకుండా మండపం చుట్టూ తిప్పింది.

నమ్మదగిన గోచారం

అలాగని గ్రహసంచారం రైతుకు అక్కరకు రాదనుకుంటే పొరపాటు. కార్తెలన్నీ గోచారమే. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో పదమూడు, పద్నాలుగు రోజులు నడవడమే కార్తె. జూన్ 7, 8 తేదీల్లో మిరుగు (మృగశిర కార్తె) పడితే మా దగ్గర చేపల కూర వండుతారు, తిననివాళ్లు ఇంగువ, బెల్లం నోట్లో వేసుకుంటారు, విత్తనాల సంచులు విప్పుతారు. ఈ గోచారానికి శాంతులు లేవు, దానాలు లేవు. ఎవరి రాశి ఏదైనా మిరుగు అందరికీ ఒకేనాడు వస్తుంది. సూర్యుడి స్థానాన్ని బట్టి రుతువు, రుతువును బట్టి వాన, వానను బట్టి పంట. కారణం నుంచి ఫలితం దాకా ప్రతి మెట్టూ కళ్లముందే ఉంటుంది.

అందులోనూ ఒక మెలిక ఉంది. నక్షత్రాలను పట్టుకుని లెక్కించే మన సంవత్సరం రుతువుల సంవత్సరం కన్నా ఇరవై నిమిషాలు పెద్దది. డెబ్బయ్యేళ్లకు సుమారు ఒక రోజు చొప్పున కార్తెలు రుతువు నుంచి జరిగిపోతున్నాయి. వరాహమిహిరుడి రోజుల్లో, అంటే ఆరో శతాబ్దంలో, మకర సంక్రాంతీ సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్లే రోజూ కొద్దిరోజుల తేడాతో ఉండేవి. ఇప్పుడు ఆ మళ్లింపు డిసెంబర్ 21, 22 తేదీల్లో, మన సంక్రాంతి జనవరి 14, 15న. ఆయన బృహత్సంహితలో గ్రహచారాలతో పాటు పంటల మీద, సరుకుల ధరల మీద ప్రత్యేకంగా అధ్యాయాలున్నాయి. ఆనాడు గోచారం అడిగింది ప్రధానంగా రాజుల కోసం, దేశం కోసం, ధాన్యం ధర కోసం. ఉగాది నాడు ఇప్పటికీ వినిపించే సస్యాధిపతి, అర్ఘాధిపతి, మేఘాధిపతి, రసాధిపతి ఆ పాత వాడకానికి గుర్తులు. చెరకు రసం, బెల్లం రసాధిపతి ఖాతాలోకే వస్తాయి. బోధన్ రైతు ఒకప్పుడు పంచాంగ శ్రవణంలో చెవి పెట్టి వినేది అక్కడే. ఇప్పుడు చాలామంది వరికి, పసుపుకు మళ్లారు. మిగిలిన చెరకు చాలావరకు కామారెడ్డి జిల్లా ప్రైవేటు మిల్లులకు పోతోంది.

గోచారం మనుషుల ద్వారా పనిచేసే చోట్లు ఇంకా బలమైనవి. 2024 మే, జూన్ నెలల్లో శుక్ర మౌఢ్యం, దానితోపాటు గురు మౌఢ్యం వచ్చాయి. సూర్యుడికి మరీ దగ్గరై గ్రహం కంటికి కనిపించకుండా పోవడమే మూఢం. ముహూర్తాలు లేవు. పెళ్లిళ్ల సీజన్ నడిమధ్యలో ఫంక్షన్ హాళ్లు తాళాలేసుకున్నాయి. బ్యాండు మేళాలు, వంటవాళ్లు, పూలవాళ్లు, టెంట్ల వాళ్లు ఖాళీగా కూర్చున్నారు. శుక్రుడు ఎవరికీ ఏమీ చేయలేదు. శుక్రుణ్ని నమ్మినవాళ్లందరూ ఒకేసారి ఆగిపోయారు, అంతే. నిజామాబాద్ మేళగాడికి శుక్రగ్రహ ప్రభావం ఉందా అంటే, ఉంది. అతని రెండు నెలల కిరాయి అది.

సింహరాశి గురువు సంగతి మరీ చిత్రం. గురువు సింహంలో ఉండగా పెళ్లిళ్లు వద్దని ముహూర్త గ్రంథాలు చెబుతాయి. అయితే ఆ దోషం గోదావరి ఉత్తరపు ఒడ్డు నుంచి గంగ దక్షిణపు ఒడ్డు దాకానేనని ముహూర్త చింతామణి హద్దు గీసింది. నిజామాబాద్ గోదావరికి దక్షిణాన ఉంది. వంతెన దాటితే బాసర ఉత్తరాన. రెంజల్ పిల్లను బాసర పిల్లాడికి ఇస్తే ఆడపిల్లవారికి దోషం లేదు, మగపిల్లవారికి ఉంది. గ్రహానికి జిల్లా సరిహద్దు తెలుసన్నమాట! ఈ నియమం గట్టిగా పాటిస్తే పురోహితులకు కష్టం, అందుకే పరిహారాలు కూడా అదే శ్లోకంలో ఉన్నాయి.

పరీక్షలు జరగలేదా అంటే జరిగాయి. పుణెలో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ బృందం తెలివైన పిల్లలవి వంద, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలవి వంద జాతకాలు సేకరించి, జ్యోతిష్కులకు తలా నలభై ఇచ్చింది. జవాబులు పంపిన 27 మంది సరిగ్గా చెప్పినవి 46 శాతం, బొమ్మా బొరుసా వేసినా వచ్చేటంత. అది జన్మజాతకం మీద పరీక్ష, గోచారం మీద కాదు. 2001లో విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషం కోర్సులు పెట్టడాన్ని సవాలు చేస్తూ హైదరాబాద్ సీసీఎంబీ స్థాపకుడు పి.ఎం. భార్గవ కోర్టుకెక్కారు. 2004లో సుప్రీంకోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది. కోర్టు తేల్చింది కోర్సు పెట్టొచ్చా లేదా అన్నదే. శని నిజంగా పట్టుకుంటాడా లేదా అన్నది దాని ముందున్న ప్రశ్న కాదు.

మరి సాయిలు శనివారం గుడికెళ్లడం మానేయాలా? నేనలా అనను. 'ఇంకో ఏడాదిన్నర కష్టం, తర్వాత పోతుంది' అని ఎవరైనా తేదీతో సహా చెప్తే మనిషికి ఊపిరి ఆడుతుంది. బ్యాంకు మేనేజరు అలా చెప్పడు, మిల్లు యాజమాన్యం చెప్పలేదు. పంచాంగం అజంతా ఎక్స్‌ప్రెస్ టైంటేబుల్ లాంటిది. బండి ఎప్పుడొస్తుందో చెప్తుంది, అందులో మన మేనమామ దిగుతాడో లేదో చెప్పదు. ఆ బండెక్కి మన్మాడ్ మీదుగా శని శింగణాపూర్ వెళ్లొచ్చేవాళ్లు వెళ్లిరావచ్చు. అప్పు తెచ్చి గ్రహశాంతి చేయించడం, బోరు వేయడమా మానడమా అన్నది రాశిఫలం చూసి తేల్చడం, జబ్బు చేస్తే అష్టమ శని అని ఆస్పత్రి వాయిదా వేయడం మాత్రం వద్దు. జోస్యం చెప్పేవారిని రెండు ప్రశ్నలు అడగండి: నా జన్మరాశి పుట్టిన సమయం నుంచి తీశారా, పేరు నుంచి తీశారా? మీ పంచాంగం దృక్ గణితమా, పాత పద్ధతా? సగం భయం అక్కడే దిగిపోతుంది.

గోచారం విషయంలో ఈ జిల్లా వాళ్లు ఇప్పుడు నిజంగా పట్టించుకోవాల్సిన తేదీ ఒకటుంది. గురువు సింహంలోకి రావడమే గోదావరి పుష్కరాలు. పోయినసారి 2015 జూలై 14న, మొదటి పూటే మునగాలన్న తొక్కిడిలో రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో 27 మంది చనిపోయారు. అందరూ ఒకే క్షణాన్ని నమ్మి ఒకే మెట్ల మీదికి రావడం వల్ల జరిగింది అది. వచ్చే పుష్కరాలకు దృక్ గణితం లెక్కన గురువు 2027 జూన్ 26న సింహంలోకి వస్తాడు. గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది మన కందకుర్తి దగ్గర, మంజీరా, హరిద్ర కలిసే చోట. దానికి ఎగువన మహారాష్ట్రలో బాబ్లీ బ్యారేజీ గేట్లున్నాయి. 2013 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం అవి లేచేది జూలై 1న. అంటే పుష్కరాల మొదటి అయిదు రోజులు గేట్లు మూసే ఉంటాయి. కందకుర్తిలో మునగడానికి నీళ్లుండాలంటే గేట్లు ముందే ఎత్తాలని మహారాష్ట్రను ఒప్పించాలి, ఘాట్లు ఒక్కచోట కాకుండా పోచంపాడు దాకా విడివిడిగా కట్టాలి. ఆ పని గురువు చేయడు. కలెక్టరేట్‌కు, సాగునీటి శాఖకు ఇప్పటినుంచే అర్జీలు పెట్టండి.